పాత కారులో లోపలి లైట్లు వెలగకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఈ రోజు విషయం వినడానికి చాలా చిన్నది. తలుపు తీస్తే లోపల వెలగాల్సిన లైటు వెలగదు, అంతే. బండి నడుస్తుంది, బ్రేకులు పడతాయి, హెడ్‌లైట్లు వెలుగుతాయి, అందుకని చాలామంది ఫోన్ టార్చితో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేస్తారు. నాకు మాత్రం ఇది వదిలేయాల్సిన సంగతి అనిపించదు. బల్బు మాడిపోతే అది వేరు, కొత్తది వేస్తే అయిపోతుంది. కానీ బల్బు బాగానే ఉండి కూడా వెలగట్లేదంటే ఎక్కడో ఎర్తు, అంటే కారు ఇనుప బాడీ గుండా కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి, తుప్పుపట్టిందనో, తలుపు మడత దగ్గర వైరు తెగుతోందనో, పైనుంచి నీళ్లు దిగుతున్నాయనో అర్థం. ఆ జబ్బు అక్కడితో ఆగదు, రేపు పవర్ విండోకీ సెంట్రల్ లాకింగ్‌కీ పాకుతుంది. లోపలి లైటు మనకి చాలా ముందుగా, చాలా చవకగా చెప్తోంది. దాని మాట వినాలని నా కోరిక.

ఇంకో మాట. ఈ పనిలో డబ్బూ టైమూ వృథా అయ్యేది ఎక్కువగా ఊహతో సామాన్లు మార్చడం వల్లే. బల్బు మారుస్తారు, వెలగదు. డోర్ స్విచ్ మారుస్తారు, వెలగదు. లైటు మొత్తం మారుస్తారు, అయినా వెలగదు. ఒక పద్ధతి పట్టుకుంటే ఇదంతా అక్కర్లేదు.

ముందు ఈ సర్క్యూట్ ఎలా ఉంటుందో చూద్దాం, ఇది బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు ఫ్యూజు గుండా రూఫ్ లైటుకి వెళ్తుంది. తాళం తీసేసినా అక్కడ 12 ఓల్టులు ఎప్పుడూ ఉంటాయి. బల్బు దాటాక రెండో వైపు వైరు కిందికి దిగి తలుపు చట్రంలో ఉన్న చిన్న స్విచ్‌కి చేరుతుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆ స్విచ్ పిన్ను లోపలికి నొక్కుకుని ఉంటుంది, సర్క్యూట్ తెగి ఉంటుంది. తలుపు తీయగానే స్ప్రింగు పిన్నుని బయటికి తోస్తుంది, లోపలి కాంటాక్టు కారు బాడీకి తగులుతుంది, ఎర్తు దొరుకుతుంది, లైటు వెలుగుతుంది. అంటే చాలావరకు పాత కార్లలో డోర్ స్విచ్ కలిపేదీ తీసేదీ ప్లస్‌ని కాదు, ఎర్తుని. ప్లస్‌ని కలిపే కార్లూ కొన్ని ఉన్నాయి, అందుకే మీ బండి వైరింగ్ డయాగ్రమ్ ఒకసారి చూసుకోండి, కానీ ఎక్కువ చోట్ల ఎర్తే.

దీనివల్ల వెంటనే ఒక జాగ్రత్త పుడుతుంది. రూఫ్ లైటు ఆఫ్‌లో ఉన్నా, తలుపులన్నీ మూసి ఉన్నా, దాని లోపల ఒక రేకు ఎప్పుడూ లైవే. లైటు కిందికి లాగుతున్నప్పుడు ఆ రేకు రూఫ్ ఇనుముకి తగిలిందంటే టప్‌మని ఫ్యూజు పోతుంది. ఒక ఫాల్టు వెతకడానికి వచ్చి రెండో ఫాల్టు చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది, ఆ తర్వాత ఏది అసలు కారణమో ఏది మనం చేసిందో తేల్చుకోలేక తలనొప్పి. కాబట్టి లైటు విప్పే ముందు దాని ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. బ్యాటరీ వైరు తీసేద్దాం అనుకుంటే, రేడియోకి కోడ్ ఉన్న బండైతే ఆ కోడ్ మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు అసలు పద్ధతి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కారుని నాలుగు ప్రశ్నలు అడగాలి, ఏదీ విప్పకుండానే. రూఫ్ లైటు మీద సాధారణంగా మూడు స్థానాలు ఉంటాయి, ఎప్పుడూ ఆన్, ఎప్పుడూ ఆఫ్, మధ్యలో తలుపుతో వెలిగేది. ముందు ఆన్‌లో పెట్టండి. వెలిగిందా? వెలిగితే బల్బు, ఫ్యూజు, ప్లస్ వైరు మూడూ బాగున్నట్టే, ఇక వాటి జోలికి వెళ్లకండి. ఇప్పుడు తలుపు స్థానంలో పెట్టి ఒక్కొక్క తలుపే తీసి చూడండి. ఒక్క తలుపుకే వెలగట్లేదంటే ఆ తలుపు స్విచ్, లేదా దాని వైరు, లేదా దాని ఎర్తు. ఏ తలుపుకీ వెలగట్లేదంటే అన్ని స్విచ్‌లూ ఒకే రోజు పోవు కదా, అన్నీ కలిసి పైకి వెళ్లే ఉమ్మడి వైరులోనో, రూఫ్ లైటులో ఉన్న ఆ మూడు స్థానాల స్విచ్‌లోనో ఉంది జబ్బు. ఆన్‌లో కూడా వెలగకపోతే అప్పుడు ఫ్యూజు, బల్బు, ప్లస్, ఆ లైటుకి సొంత ఎర్తు.

నాలుగో ప్రశ్న చాలామంది అడగరు, నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. దీంతోపాటు ఇంకేం పని చేయట్లేదు? గడియారం ఆగిందా, రేడియో స్టేషన్లు మర్చిపోతోందా, సిగరెట్ లైటర్ సాకెట్‌లో చార్జర్ పని చేయట్లేదా, డిక్కీ లైటు కూడా వెలగట్లేదా? ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన వస్తువులన్నీ చాలా కార్లలో ఒకే ఫ్యూజు మీద వేలాడుతుంటాయి. రెండు మూడు ఒకేసారి ఆగిపోయాయంటే పైన లైటు విప్పాల్సిన పనే లేదు, తిన్నగా ఫ్యూజు బాక్సు దగ్గరికి వెళ్లండి.

మధ్యలో ఒకటి చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. డ్యాష్‌బోర్డు వెలుతురు తగ్గించే చిన్న చక్రం ఉంటుంది చూశారా, స్టీరింగ్ పక్కన. కొన్ని కార్లలో దాన్ని ఒక కొసకి తిప్పితే లోపలి లైటు ఎప్పుడూ వెలుగుతుంది, ఇంకొన్నిట్లో రెండో కొసకి తిప్పితే తలుపు తీసినా వెలగదు. కారు తుడిచేటప్పుడు గుడ్డ తగిలి ఆ చక్రం తిరిగిపోవడం మామూలే. అలాగే కొన్ని బళ్లలో లైట్లన్నీ ఆపేసే చిన్న బటన్ విడిగా ఉంటుంది. ఇంకాస్త కొత్త బళ్లలో, అంటే 1990ల చివర్నుంచి వచ్చినవాటిలో, తలుపు చాలాసేపు తీసి ఉంచితే బ్యాటరీ కాపాడటానికి కంట్రోల్ యూనిటే లైట్లు ఆపేస్తుంది. తలుపులన్నీ తీసి గంటసేపు పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి ఆరిపోతాయి, అది జబ్బు కాదు, తాళం ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ వస్తాయి. ఇవి చూసుకున్నాకే ముందుకి వెళ్లాలి.

సరే, ఆన్‌లో కూడా వెలగట్లేదు, ఫ్యూజు బాగుంది అనుకుందాం. లైటు మీద ప్లాస్టిక్ కవరు తీయండి, పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, చలిలో అయితే మరీ, అందుకే ఇనుప స్క్రూడ్రైవర్ కాకుండా ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా లేపండి. లోపల ఎక్కువగా కనిపించేది రెండు కొసలా లోహపు టోపీలున్న గొట్టం ఆకారం బల్బు. 5 వాట్లో 10 వాట్లో ఉంటుంది, పొడవు 31, 36, 41 మిల్లీమీటర్లు ఇలా రకరకాలు. ఈ పొడవు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 39 ఉండాల్సిన చోట 36 పెడితే రేకుల మధ్య కూర్చుంటుంది, మొదటిరోజు వెలుగుతుంది, రోడ్డు మీద నాలుగు కుదుపులు పడ్డాక ఆరిపోతుంది.

ఆ రెండు రేకుల్ని దగ్గరగా చూడండి, టార్చి వేసి. వాటికి ఉండాల్సిన గుణం స్ప్రింగులా నొక్కి పట్టుకోవడం. ఇరవై ఏళ్లు 10 వాట్ల బల్బు వేడి తగిలి తగిలి ఆ బిగువు పోతుంది, రేకు రంగు నల్లగానో నీలంగానో మారుతుంది, బల్బు టోపీ కూర్చునే చోట సన్నటి బూడిదరంగు పొర కడుతుంది. రాగి ఉన్నచోట పచ్చటి చిలుము పడితే అది వేడి పని కాదు, నీళ్ల పని. అంటే ముందు అద్దం సీలు పాడయ్యో, సన్‌రూఫ్ ఉంటే దాని నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోయో ఆ తడి రూఫ్ గుడ్డ వెనక నుంచి లైటులోకి దిగుతోంది, అది ఆపకుండా లైటు బాగుచేస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. సన్నటి ఎమరీ కాగితం ముక్కతో రేకులూ బల్బు టోపీలూ మెరిసేదాకా రుద్దండి, రేకుల్ని కొద్దిగా లోపలికి వంచండి, బల్బు పెడుతుంటే టక్కున పట్టుకోవాలి. ఫ్యూజు పీకే ఉంది కదా? ఉంటేనే వంచండి.

ఇక్కడ ఎవరైనా మల్టీమీటర్‌తో, అంటే ఓల్టులూ ఓములూ కొలిచే మీటరుతో, బల్బుని కొలిచి భయపడతారు. 12 ఓల్టుల 5 వాట్ల బల్బుకి లెక్క ప్రకారం దాదాపు 29 ఓములు ఉండాలి, మీటరు చూస్తే రెండో మూడో చూపిస్తుంది, బల్బు షార్ట్ అయిందేమో అనుకుంటారు. కాదు. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్సు పదో వంతే ఉంటుంది, వెలిగి వేడెక్కాక ఆ 29కి చేరుతుంది. మీటరు దారి తెగినట్టు చూపిస్తేనే బల్బు పోయినట్టు. ఫిలమెంటు కంటికి బాగానే కనిపించినా కొస దగ్గర విడిపోయి ఉండొచ్చు, కాబట్టి కంటిని కాకుండా మీటర్నే నమ్మండి.

ఫ్యూజుల సంగతి. బ్లేడ్ ఫ్యూజు అయితే రంగు చూస్తే తెలిసిపోతుంది, 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. అంతకన్నా పాత యూరప్ కార్లలో రెండు కొసలా మొనలుండే పింగాణీ ఫ్యూజులు వస్తాయి, వాటిలో తెలుపు 8, ఎరుపు 16, అంటే ఎరుపు అనగానే 10 అనుకోకూడదు. ఈ మొనల ఫ్యూజులతో ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. ఫ్యూజు పోదు, లోపలి పట్టీ తెగదు, కానీ మొనా క్లిప్పూ తగిలే చోట తుప్పు పడుతుంది. వేలితో ఒకసారి అక్కడికక్కడే గుండ్రంగా తిప్పితే లైటు వచ్చేస్తుంది. వచ్చింది కదా అని వదిలేయకండి, క్లిప్పులు శుభ్రం చేసి కొత్త ఫ్యూజు వేయండి, ఆ చోట వేడెక్కి ఫ్యూజు బాక్సు ప్లాస్టిక్ కరిగిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఫ్యూజు నిజంగా తెగి ఉంటే మీరు చేయకూడని పని ఒకే ఒక్కటి, దాని స్థానంలో పెద్దది వేయడం. దీని మీద నాకు రాజీ లేదు. 10 ఆంపియర్ల ఫ్యూజు వెనక ఉన్న వైరు సన్నది, 30 వేస్తే ఫ్యూజు తెగదు, వైరు కాలుతుంది, అదీ రూఫ్ గుడ్డకీ సీట్ల కిందున్న కార్పెట్‌కీ ఆనుకుని ఉన్న వైరు. 5 వాట్ల బల్బు తాగేది అర ఆంపియర్ కన్నా తక్కువ. లోపలి లైట్లన్నీ కలిపినా 10 ఆంపియర్లు తాగవు, కాబట్టి 10 చాలట్లేదంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే.

ఆ షార్ట్ వెతకడానికి ఫ్యూజుల డబ్బా ఖాళీ చేయక్కర్లేదు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి ఫ్యూజు ఉండాల్సిన చోట ఆ రెండు కొసలూ పెట్టండి. లైన్ ఎక్కడైనా బాడీకి తగులుతోందంటే ఈ బల్బు పూర్తి వెలుగుతో వెలుగుతుంది, కానీ రెండు ఆంపియర్ల లోపే పోనిస్తుంది కాబట్టి వైరు కాలదు. ఇక తీరిగ్గా ఒక్కొక్కటీ విడదీస్తూ రండి, సిగరెట్ లైటర్, రేడియో, డిక్కీ లైటు, సన్ వైజర్ అద్దం దగ్గరి లైటు. ఏది పీకగానే బల్బు ఆరిపోయిందో, లేదా బాగా మసకబారిందో, దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. అన్నిటికన్నా ముందు లైటర్ సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి, చిన్న నాణెమో, విరిగిన చార్జర్ స్ప్రింగో అందులో పడి షార్ట్ చేస్తుంటుంది, దాని ఫ్యూజు మీదే ఉన్న పాపానికి రూఫ్ లైటు ఆరిపోతుంది.

సభలోంచి ఒకరు: మా కారులో ఫ్యూజు తలుపు తీసినప్పుడే పోతోంది, మూసి ఉంటే ఎన్ని రోజులైనా బాగానే ఉంటుంది. అది డోర్ స్విచ్ షార్టేనా?

మంచి ప్రశ్న. ఇందాక చెప్పిన సర్క్యూట్ గుర్తు చేసుకోండి. డోర్ స్విచ్ ఉన్నది బల్బు దాటాక. అది బాడీకి ఎంత షార్ట్ అయినా లైటు వెలుగుతుందే తప్ప ఫ్యూజు పోదు, మధ్యలో బల్బు ఉంది కదా. మరి ఫ్యూజు పోతోందంటే బల్బుని దాటించి ప్లస్ తిన్నగా ఎర్తుకి చేరుతోంది. మీ తలుపు అంచు కింద, అడుగు పెట్టే చోట వెలిగే ఎర్ర లైటు ఉందా? ఉందంటున్నారు. అయితే ఆ లైటుకి ప్లస్ వైరు తలుపు మడతలోంచి వెళ్తుంది. తలుపుకీ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది, అది ఒకవైపు పీకి వెనక్కి మడిచి లోపల చూడండి. తలుపు తీసినప్పుడల్లా, మూసినప్పుడల్లా అక్కడ వైర్లు వంగుతాయి. ఇన్నేళ్లకి ఇన్సులేషన్ గట్టిపడి చిట్లుతుంది, లోపలి రాగి కనిపిస్తుంది, తలుపు ఒక కోణంలో తెరిస్తే అది ఇనుముకి తగులుతుంది. ఒక్క వైరే చిట్లిందని దానికి టేపు చుట్టేసి మూసేయకండి, పక్క వైర్లదీ అదే వయసు. మడత పడే చోటికి దూరంగా రెండు వైపులా కోసి మెత్తగా వంగే కొత్త వైరు ముక్కలు అతకండి, అతుకు ఎప్పుడూ మడతలోకి రాకూడదు. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక డోరు పైన కీలు దగ్గర కూడా ఇదే గొట్టం ఉంటుంది, అక్కడ డిక్కీ లైటు, నంబర్ ప్లేటు లైటు, వెనక వైపరు అన్నీ ఒకటి తర్వాత ఒకటి పోతుంటే కారణం ఇదే.

ఇప్పుడు డోర్ స్విచ్. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పాత కార్లలో అనుమానపడాల్సిన మొదటి వస్తువు ఇదే, బాగుచేయడానికి తేలికైనదీ ఇదే. తలుపు చట్రంలో ఒకే ఒక స్క్రూతో బిగించి ఉంటుంది, పైన రబ్బరు తొడుగు. ఆ స్క్రూకి రెండు పనులు, స్విచ్‌ని పట్టుకోవడం ఒకటి, దానికి ఎర్తు ఇవ్వడం రెండోది. చాలా కార్లలో స్విచ్‌కి వచ్చేది ఒకే వైరు, ఎర్తు వైరంటూ వేరే ఉండదు, ఆ స్క్రూ మరల్లోంచే కరెంటు బాడీకి చేరాలి. స్క్రూ తుప్పుపట్టినా, వదులైనా, కారుకి కొత్తగా పెయింటు వేయించినప్పుడు ఆ రంధ్రంలోకి రంగు చేరినా ఎర్తు పోతుంది. పెయింటింగ్ అయ్యాక లోపలి లైటు వెలగట్లేదంటే ముందు చూడాల్సింది ఈ స్క్రూ రంధ్రాన్నే, స్విచ్ ఏ పాపమూ ఎరగదు.

స్క్రూ తీసి స్విచ్‌ని మెల్లగా బయటికి లాగండి. వైరు పొట్టిగా ఉంటుంది, కప్లర్, అంటే వైరు కొసనున్న ప్లాస్టిక్ జాయింటు, పీకారంటే అది సర్రున తలుపు పక్క స్తంభంలోకి జారిపోతుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకోవాలంటే లోపలి ట్రిమ్ మొత్తం విప్పాలి. అందుకే పీకే ముందే వైరుకి దారం కట్టండి, లేదా టేపు ముక్కతో చట్రానికి అంటించండి. స్విచ్ వెనక చూస్తే తెలుపు, పచ్చ కలిసిన పొడి కనిపిస్తుంది, పిన్ను ఇరుక్కుపోయి ఉంటుంది. ఇప్పుడు ఫ్యూజు తిరిగి పెట్టి, రూఫ్ లైటు తలుపు స్థానంలో ఉంచి, ఆ వైరు కొసకీ శుభ్రమైన ఇనుముకీ మధ్య టెస్ట్ ల్యాంప్, అంటే రెండు వైర్లున్న చిన్న పరీక్ష బల్బు, పెట్టండి. చేతిలో ల్యాంప్ వెలిగి, పైన బల్బు ఫిలమెంటు కూడా ఎంతో కొంత ఎర్రబడితే మీది ఎర్తు కలిపే సర్క్యూటే, వైరూ బాగుంది, అప్పుడు ధైర్యంగా వైరు కొసని ఇనుముకి తాకించండి, పైన లైటు పూర్తిగా వెలగాలి. చేతిలోది మాత్రమే పూర్తిగా వెలిగి పైనది ఉలకకపోతే మీ బండిలో ప్లస్ కలుపుతున్నారని అర్థం, ఆ వైరు ఇనుముకి తాకనీయొద్దు.

వైరు తాకిస్తే పైన లైటు వెలిగింది, స్విచ్‌తో వెలగట్లేదు. అయితే స్విచ్చో, దాని స్క్రూనో. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పిన్నుని పదిసార్లు నొక్కి వదలండి, స్క్రూ రంధ్రం చుట్టూ ఇనుము మెరిసేదాకా గీకండి, కొత్త స్క్రూ వేయండి, పైన కొంచెం గ్రీజు రాయండి, మళ్లీ తుప్పు పట్టదు. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అది మార్చాల్సిందే, నీళ్లు దిగేది అక్కణ్నుంచే.

కొన్ని కార్లలో చట్రంలో అసలు స్విచ్ ఉండదు, తలుపు తాళం లోపలే చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. దీన్ని పరీక్షించాలంటే తలుపు తీసి ఉండగానే తాళం నాలుకని స్క్రూడ్రైవర్‌తో మూసుకునే వైపు నొక్కండి, తలుపు మూసినట్టు లైటు ఆరాలి, బయటి హ్యాండిల్ లాగితే నాలుక విడిపోయి మళ్లీ వెలగాలి. ఆ నాలుకని విడిపించకుండా మాత్రం తలుపు వేయకండి, తాళం విరుగుతుంది. చాలాసార్లు ఇక్కడ జబ్బు కరెంటుది కాదు, గ్రీజు ఎండి జిగురైపోయి నాలుక పూర్తిగా వెనక్కి రాదు. క్లీనర్ స్ప్రే కొట్టి, కదిపి, కొత్త గ్రీజు పెడితే లేచొస్తుంది.

టెస్ట్ ల్యాంప్ అన్నాను కదా, మల్టీమీటర్ ఉండగా అదెందుకు అని అడుగుతారు. రెండూ కావాలి, కానీ పాత కారు వైరింగ్‌లో మీటరు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. వైరులో ఇరవై పోగులుంటే పంతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలింది అనుకోండి. మీటరు దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి ఆ ఒక్క పోగు మీదే 12.6 ఓల్టులు చక్కగా చూపిస్తుంది. పైపు మధ్యలో మట్టి పేరుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెజర్ పూర్తిగానే కనిపిస్తుంది, తిప్పితేనే సన్నధార వస్తుంది, ఇదీ అంతే. టెస్ట్ ల్యాంప్ నిజంగా కరెంటు లాగుతుంది, మసగ్గా వెలిగి గుట్టు బయటపెడుతుంది. మీటరుతోనే చేయాలంటే బల్బు పెట్టి, ఆన్‌లో ఉంచి, అప్పుడు కొలవండి. బల్బు ఎర్తు వైపు కొసకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య అర ఓల్టు కన్నా ఎక్కువ కనిపిస్తే ఎర్తు దారి బాగోలేదు, ఫ్యూజుకీ బల్బు ప్లస్ కొసకీ మధ్య కనిపిస్తే ప్లస్ దారి.

ఒక హెచ్చరిక. ఎయిర్‌బ్యాగులున్న కారైతే పసుపుపచ్చ కప్లర్లలో, పసుపు తొడుగున్న వైర్లలో టెస్ట్ ల్యాంప్ గుచ్చొద్దు, మీటరు కూడా పెట్టొద్దు. పక్కలకి తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటే అవి రూఫ్ అంచు వెంట, లైటు వైర్లు దిగే దారిలోనే ఉంటాయి. అక్కడ ట్రిమ్ విప్పాల్సి వస్తే ఆ బండి మాన్యువల్ చూసి, బ్యాటరీ విప్పి, అది చెప్పినంతసేపు ఆగాకే ముట్టుకోండి.

డ్యాష్‌బోర్డు లైట్ల గురించి త్వరగా చెప్పేస్తాను. మీటర్ల వెనక వెలుతురు ఫ్యూజు వేరు, చాలా కార్లలో పార్కింగ్ లైట్లూ ఇవీ ఒకే ఫ్యూజు. రాత్రి మీటర్లు కనిపించట్లేదంటే దిగి వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో వెంటనే చూడండి, అవి కూడా లేకపోతే వెనక వచ్చేవాడికి మీరు కనిపించరు, అది పొద్దున్నదాకా ఆగే పని కాదు. వెనక లైట్లు ఉండి మీటర్లు మాత్రమే చీకటిగా ఉంటే ఆ డిమ్మర్ చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి బాగా తిప్పండి, లోపలి ట్రాక్ మీద తుప్పు రాలి వెలుతురు వస్తే జబ్బు దానిదే. అన్నీ కాకుండా ఒక మూల మాత్రమే చీకటైతే అక్కడి బల్బు పోయినట్టు, లేదా దాని తిప్పే హోల్డరు వెనకున్న పల్చటి సర్క్యూట్ షీటుని తాకట్లేదు. కొత్త స్టీరియో పెట్టించాక ఈ ఫ్యూజు పోతోందంటే స్టీరియో వెనక ఇల్యూమినేషన్ వైరు, అంటే దాని బటన్ల వెలుతురుకి వచ్చే వైరు, టేపు లేకుండా వేలాడుతోందేమో చూడండి, ఎక్కువగా అదే.

ఇంకో ప్రశ్న: ఎల్‌ఈడీ బల్బు వేశాను, తలుపులు మూసినా సన్నగా వెలుగుతూనే ఉంది. కొన్నాళ్లు వెలగనే లేదు, తిప్పి పెడితే వెలిగింది.

తిప్పి పెడితే వెలగడం సహజమే, మామూలు బల్బుకి ప్లస్ మైనస్ తేడా లేదు, ఎల్‌ఈడీకి ఉంది. సన్నగా వెలగడానికి కారణం, మెల్లగా ఆరే టైమరున్న కార్లలో ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు కారుతుంటాయి. పాత ఫిలమెంటుకి అది లెక్కలోకి రాదు, ఎల్‌ఈడీకి వెలగడానికి అదే చాలు. తడి చేరిన డోర్ స్విచ్ కూడా అలాగే కరెంటు కారుస్తుంది, కాబట్టి ముందు స్విచ్‌లు శుభ్రం చేసి చూడండి. అప్పటికీ పోకపోతే లోపల రెసిస్టర్ ఉన్న ఎల్‌ఈడీ రకం వేయండి. మరీ పాత బండైతే ఇంకో సంగతి, బీటిల్ లాంటివి 1960ల ద్వితీయార్ధం దాకా 6 ఓల్టుల మీదే వచ్చాయి, ఎంజీబీ లాంటి కొన్ని బ్రిటిష్ కార్లలో 1967 దాకా ప్లస్సే బాడీకి ఎర్తు. వాటిలో పెట్టే బల్బు వోల్టేజీ, దిశ రెండూ చూసుకోవాలి. నా ఉద్దేశంలో ఎల్‌ఈడీ మంచి మార్పే, ఆ పాత ప్లాస్టిక్ కవర్లకి వేడి తగ్గుతుంది. కానీ జబ్బు కనుక్కున్నాక వేయండి, కనుక్కునేందుకు వేయకండి.

చివరి ప్రశ్న తీసుకుంటాను, ఆ మూల నుంచి. డిక్కీ లైటు మూత వేశాక ఆరుతోందో లేదో ఎలా తెలుస్తుంది, రెండు రోజులు ఆపితే బ్యాటరీ పడుకుంటోంది అంటున్నారు. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, కెమెరా బల్బు వైపు ఉండేలా డిక్కీలో పెట్టి మూత వేయండి, ఒక నిమిషం ఆగి తీసి చూడండి. తాళం బయటే మీ చేతిలో ఉండాలి. గ్లోవ్ బాక్సుకీ ఇదే పద్ధతి. లైటు వెలుగుతూనే ఉంటే లెక్క చూడండి, 5 వాట్లంటే రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు, 10 వాట్లయితే 20. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అదీ పాతబడింది, రెండు రోజుల తర్వాత స్టార్టర్ తిప్పలేదంటే ఆశ్చర్యం లేదు. మూత అంచున పిన్నుని నొక్కే రబ్బరు బొడిపె అరిగి ఉంటుంది, లేదా మూత కొద్దిగా పక్కకి కూర్చుని పిన్నుని పూర్తిగా నొక్కట్లేదు, లేదా తాళంలో ఉన్న మైక్రోస్విచ్ ఇరుక్కుంది. రబ్బరు మార్చి చూడండి, మూత సరిచేయండి. అది కుదిరేదాకా ఆ బల్బు తీసి గ్లోవ్ బాక్సులో పెట్టుకోండి, బ్యాటరీ అయినా బతుకుతుంది.